గోదావరికి ఉభయ తీరములందలి మాజీ సైనికులు
(భద్రాచల ప్రాంతపు మాజీ సైనికుల, గ్రామ పెద్దల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో సైన్యమున పదిహేనేండ్లకు పైగా పనిచేసి పింఛను పొందుచున్నవారు కలరు. అంతకు ముందే ఇంటికి వచ్చి, పింఛను లేక కూలి చేసుకొని బ్రతుకుచున్నవారును కలరు. భర్తలను కోల్పోయిన తల్లులు ముందు వరుసలో కూర్చుండియున్నారు. సర్పంచులు, ఉపాధ్యాయులు, పంచాయతి కార్యదర్శులు శ్రమకోర్చి వచ్చినారు.

మాజీ సైనికుల సంఘములు ఒకదానికొకటి ఎట్లు తోడుపడవలెనో చెప్పుమని కార్యకర్తలు నన్ను కోరినారు. నేను చెప్పదలచినది పెద్ద సంగతి కాదు. సంఘములన్నియు కలిసి ఒక్క సంఘము కానక్కరలేదు. ఎవరి జెండా వారు ఉంచుకొనవచ్చును. కాని ఈ అడవి అంచున నివసించుచున్న మాజీ సైనికుల పేర్లు, వారి భార్యల పేర్లు వ్రాసిన చిట్టా మాత్రము అందరికిని ఒక్కటే కావలెను. ఆ చిట్టా లేకపోవుటచేత నష్టపడుచున్నవారు సభలకు రాగలవారు కారు, రాలేనివారు.

మన ప్రాంతపు చరిత్ర ఒకింత చిత్రమైనది. గోదావరికి ఈ గట్టున బూర్గంపాడు, పాల్వంచ ప్రాంతములు 1948 వరకు హైదరాబాదు సంస్థానములో నుండెను. ఆ గట్టున భద్రాచలము మదరాసు రాష్ట్రపు ఏజెన్సీలోనిది. ఈ గట్టు పిల్లవాడు నిజాం సైన్యమువైపు చూచిన రోజులలో, ఆ గట్టు పిల్లవాడు మదరాసు దళములవైపు చూచెను. నడుమ నది ఒక్కటే అయినను కొలువులు వేరు, కచ్చేరీ భాషలు వేరు. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలము తూర్పు గోదావరి నుండి విడివడి ఆ జిల్లాలో కలిసినది. 1965లో గోదావరిపై వంతెన పూర్తియైన తరువాత రెండు గట్లవారును ఒకే కచ్చేరీ మెట్లు ఎక్కుట అలవాటైనది.

ఆ అలవాటు యాబది యేండ్ల కాలము సాగి, 2014లో మరల మారినది. పోలవరము ప్రాజెక్టు నిమిత్తము కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, భద్రాచలము, బూర్గంపాడు మండలములలోని కొన్ని గ్రామములును ఆంధ్రప్రదేశములో చేరినవి. భద్రాచల పట్టణము తెలంగాణములో నిలిచినది. పట్టణము దాటి నాలుగడుగులు వేసిన ఎటపాక వేరొక రాష్ట్రము. 2016లో ఈ వైపున కొత్తగూడెము కేంద్రముగా భద్రాద్రి జిల్లా వచ్చినది. ఆ వైపున జిల్లాల రూపము 2022లో మరల మారినది. ప్రభుత్వములు తమ సౌకర్యము కొరకు, ప్రజల సౌకర్యము కొరకు ఇట్టి మార్పులు చేయుచునే యుండును. నేను వానిని తప్పుపట్టుట లేదు. కాని ఖమ్మములో పేరు నమోదు చేసికొన్న సిపాయి తన ఊరు కదలకయే వేరు రాష్ట్రపువాడైనప్పుడు, అతని కాగితము అతని వెంట వచ్చినదా లేదా యని అడుగువారెవరు? ఆ ప్రశ్న అడుగుట కొరకే సంఘములు కలవు.

మాజీ సైనికుల సంక్షేమము చూచు ప్రభుత్వ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట 1919లో భారతీయ సైనికుల బోర్డు ఏర్పడెను. 1975 నుండి దానినే కేంద్రీయ సైనిక్ బోర్డు అనుచున్నారు. దాని క్రింద రాష్ట్రమునకొక బోర్డు, జిల్లాకొక బోర్డు ఉండును. జిల్లా బోర్డునకు కలెక్టరుగారు అధ్యక్షులు. సైనిక సంక్షేమాధికారి దాని కార్యదర్శి. కేంద్ర రక్షణ శాఖలో మాజీ సైనికుల కొరకు ప్రత్యేక విభాగము 2004లో వచ్చినది. ఇంత పెద్ద చెట్టు ఉన్నది గదా, మన ఊరికి నీడ రాదేమి యని మీరడుగవచ్చును. చెట్టు నీడ క్రిందికి మనము నడచి వెళ్లవలెను. భద్రాచలము నుండి ఖమ్మమునకు త్రోవ సుమారు నూట ఇరువది కిలోమీటర్లు. దుమ్ముగూడెము లోపలి గూడెము నుండి ముసలి తల్లి భద్రాచలము చేరుటకే ఒక పూట పట్టును. ఒక సంతకము తక్కువైనదని త్రిప్పి పంపినచో ఆమె మరల వచ్చునా?

ఇక సంఘముల సంగతి. మన దేశములో ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగు 1964లో ఏర్పడినది. వాయుసేనవారికి వేరు సంఘము కలదు, నౌకాదళమువారికి వేరు. ఒక్కొక్క రెజిమెంటు వారు తమలో తాము కలిసికొందురు. మండల సంఘములు, పట్టణ సంఘములు వేరుగా నుండును. ఇన్ని ఎందులకని కొందరు విసుగుకొందురు. నాకంత విసుగు లేదు. రెజిమెంటు సంఘము వానికి రికార్డు ఆఫీసు మర్మము తెలియును. పట్టణ సంఘము వానికి కచ్చేరీలో గుమాస్తా తెలియును. గూడెములోని ఒంటరి సిపాయికి ఇవేవియు తెలియవుగాని, ఏ ఇంట ఏ విధవరాలు పస్తున్నదో తెలియును. ఈ మూడు తెలివిడులు ఒక చోట చేరినప్పుడే ఒక కాగితము కదలును.

ఇంగ్లండులో మొదటి యుద్ధము తరువాత మాజీ సైనికులకు నాలుగు సంఘములుండి, ఒకరిపై నొకరు పోటీపడుచుండిరి. 1921లో ఆ నాలుగును కలిసి బ్రిటిష్ లీజియన్ అను ఒక్క సంఘమైనవి. అది వారికి తగిన మార్గము. మన దేశములోనే పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దగ్గర మాధవరము కలదు. తరతరములుగా ఇంటింటి నుండి సైన్యమునకు పోయిన ఊరగుటచేత మిలిటరీ మాధవరమని పేరు వచ్చినది. అచ్చట కొత్తగా పింఛను నిలిచినవానికి ప్రక్కయింటిలోనే సలహా దొరకును. మన స్థితి అది కాదు. ఇచ్చట ఒక గూడెమున ఒకరు, ఆరు మైళ్లలో ఇంకొకరు. ఆ రెండిటి నడుమ వాగు. కనుక మాధవరము పద్ధతియు, లీజియన్ పద్ధతియు మనకు నేరుగా పనికి రావు.

ఇప్పుడు అసలు కష్టమునకు వత్తును. ఉదాహరణకు ఒక కోయ సిపాయిని అనుకొనుడు. అతడు ఇరువదేండ్లు సైన్యములో పనిచేసి హవల్దారుగా విరమించెను. పెండ్లి గూడెము ఆచారము ప్రకారము జరిగినది. ఆ సంగతి దళమునకు తెలిపి, పార్టు టూ ఆర్డరులో ఎక్కించవలెను. అతడు ఎక్కించెననియే అనుకొందము. గుమాస్తా భార్య పేరు 'సీతమ్మ' అని వ్రాసెను. తరువాత రేషను కార్డులో 'సోడె సీత' అని వచ్చినది. ఆధారులో పుట్టిన సంవత్సరము ఉజ్జాయింపుగా పడినది. బ్యాంకు పుస్తకములో పుట్టినింటి పేరు నిలిచినది. భర్త జీవించియున్నంతకాలము ఈ నాలుగు పేర్లును ఒక్కరివేనని అందరికిని తెలియును. అతడు కన్నుమూసిన మరునాడు అవి నలుగురు స్త్రీలగును.

ఆ తల్లికి చట్ట ప్రకారము రావలసినది సామాన్య కుటుంబ పింఛను. సైనికుని చివరి జీతములో నూటికి ముప్పది వంతులు. ఏడవ వేతన సంఘము తరువాత అది నెలకు 9,000 రూపాయలకు తక్కువ కారాదు. కరువు భత్యము దానిపై అదనము. కొంతకాలము హెచ్చు రేటు కూడ ఉండును. మన గూడెములలో ఆ సొమ్ము సంవత్సరమునకు ఒక కుటుంబపు తిండి, పిల్లల చదువు. అది ఒక అక్షరము తేడా వలన నిలిచిపోవుచున్నది.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు, కాని సమయమున జరుగవలెను. భర్త బ్రతికియుండగానే డిశ్చార్జి పుస్తకము, పింఛను ఉత్తరువు, ఆధారు, బ్యాంకు పుస్తకము నాలుగును ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. తేడా కనబడినచో మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణ పత్రము వ్రాయించి, సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా రికార్డు ఆఫీసుకు పంపవలెను. సిపాయి స్వయముగా సంతకము చేయగలిగినప్పుడు కొద్ది నెలలలో ముగియు పని, అతడు పోయిన పిమ్మట ఏండ్లు పట్టును. అన్నలారా, మీరు మీ భార్యలకు నగలు చేయించినారో లేదో నేనడుగను. ఆమె పేరు మీ పుస్తకములో సరిగా నున్నదో లేదో ఈ రాత్రికే చూడుడు.

ఇంకొక మాట. సైనికుడు మరణించిన వెంటనే ఆ సంగతి పింఛను కార్యాలయమునకు తెలుపవలెను. కొందరు తెలియక మృతుని ఖాతా నుండి పింఛను తీసికొనుచు పోవుదురు. తరువాత ఆ సొమ్ము కుటుంబ పింఛనులో మినహాయింపగును. కన్నీరు ఆరకముందే బాకీ మొదలగును. ఇట్టి ఇంటికి మరణ ధ్రువపత్రము తీసి ఇచ్చుట పంచాయతి కార్యదర్శి పని. దానిని పైకి పంపుట సంఘము పని. ఇద్దరును ఒకరినొకరు ఎరిగియుండవలెను.

ఇప్పుడు సైనికుల పింఛనులు చాలవరకు 'స్పర్శ్' అను కంప్యూటరు ఏర్పాటులోనికి వచ్చినవి. ఏటేట జీవించియున్నట్లు ధ్రువపరచవలెను. లేనిచో పింఛను ఆగును. పట్టణమున నున్నవారికి ఇది పది నిమిషముల పని. నాగలి పట్టి, చింతపండు కొట్టి, వ్రేళ్ల గీతలు అరిగిన వానికి వ్రేలిముద్ర యంత్రము ఒప్పుకొనదు. అట్టివారికి ఫోనులో ముఖము చూపి ధ్రువపరచు పద్ధతి 2021 నుండి ఉన్నది. కాని గూడెములో సిగ్నలు ఉండదు. ఇచ్చట సంఘము యువకుల సాయము తీసికొనవచ్చును. సంత నాడు సిగ్నలు దొరకు చోట, నీడలో ఒక బల్ల వేసి, ముసలివారిని వరుసగా కూర్చుండబెట్టి ఆ పని ముగించవచ్చును. ఆ బల్ల వద్ద ఏ సంఘపు సభ్యుడవని అడుగరాదు.

పింఛను లేనివారి మాట ఎక్కువమంది మరచిపోవుదురు. సిపాయిలకు పింఛను రావలెనన్న పదిహేనేండ్ల సేవ కావలెను. అంతకు లోపుగా వచ్చివేసిన వారిలో హవల్దారు హోదా వరకు నున్నవారికి, వారి విధవరాండ్రకు, అరువదియైదేండ్లు దాటి ఆధారము లేనిచో కేంద్రీయ సైనిక్ బోర్డు నెలసరి సాయము ఇచ్చుచున్నది. అది నాలుగు వేలుగా నుండెను. 2025 నవంబరు ఒకటవ తేదీ నుండి వచ్చిన దరఖాస్తులకు ఎనిమిది వేలు చేసినారు. పిల్లల చదువునకు నెలకు ఒక్కొక్కరికి వేయి రూపాయలుండెను, రెండు వేలైనది. ఇద్దరు పిల్లల వరకు ఇత్తురు. కుమార్తె వివాహ సాయము యాబది వేల నుండి లక్ష అయినది. కాని వివాహమైన నూట ఎనుబది దినములలో దరఖాస్తు చేయవలెను. నూట ఎనుబది ఒకటవ నాడు వచ్చినవానికి ఎవరును ఏమియు చేయలేరు. పెండ్లి పత్రిక అచ్చు వేయించునాడే సంఘమునకు ఒక ప్రతి పంపినచో, విందుతో పాటు దరఖాస్తు కూడ గుర్తుండును.

ఈ సాయములకు సొమ్ము ఎచ్చటినుండి వచ్చునని మీలో పిల్లలు అడుగవచ్చును. 1949 నుండి ఏటేట డిసెంబరు 7వ తేదీన సాయుధ దళముల పతాక దినము జరుపుచున్నాము. బడిలో మీ చొక్కాకు గ్రుచ్చు చిన్న జెండాకు మీరిచ్చు రూపాయి ఆ నిధిలో చేరును.

మన ప్రాంతమున ఇంకొక గందరగోళము కలదు. సి.ఆర్.పి.ఎఫ్. మున్నగు కేంద్ర సాయుధ పోలీసు దళములలో పనిచేసి వచ్చినవారు మన గ్రామములలో చాలమంది. ఊరిలో అందరును 'మిలిటరీ ఆయన' అనియే పిలుతురు. కాని చట్టమునందు వారు 'మాజీ సైనికులు' అను నిర్వచనములో చేరరు. వారి సంక్షేమము హోం శాఖ చూచును. అందుకు 2007లో వేరొక బోర్డు ఏర్పడినది. ఇది తెలియక సైనిక కార్యాలయమునకు పోయి నిరాశతో మరలినవారున్నారు. వారిని మన సంఘము నుండి వెలివేయవలెనా? కూడదు. ఈ అడవిలోనే కాపలా కాచినవారు వారు. వారి పేర్లను చిట్టాలో వేరొక పుట వేసి వ్రాయుడు. ఏ తలుపు తట్టవలెనో చెప్పుట కూడ సాయమే.

వరదల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 53 అడుగులైన మూడవది. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటినది. 2022 జులైలో 71 అడుగులు దాటినది. ఇంటిలోనికి నీరు వచ్చినప్పుడు మనుష్యులు పిల్లలను, మేకలను, బియ్యమును తీసికొని పోవుదురు. ఇనుప పెట్టె అడుగున నున్న డిశ్చార్జి పుస్తకమును ఎవరు తలంతురు? నీరు దిగిన తరువాత అది మట్టిముద్ద. పోలవరము ముంపు గ్రామములవారికి ఇది మరియు హెచ్చు కష్టము. వారు పునరావాస కాలనీలకు తరలిపోవునప్పుడు చిరునామా మారును, బ్యాంకు శాఖ మారును. అందుచేత ప్రతి పుస్తకమునకు నకలు తీయించి, ఒకటి గట్టుకు ఈవల, ఒకటి ఆవల నుండు సంఘములలో భద్రపరచుట మంచిది. నది రెండు గట్లను ఒకే మారు ముంచినను, ఎత్తున నున్న ఇల్లు ఏదో ఒకటి మిగులును. ఫోటో తీసి ఫోనులో దాచుటయు మేలే. కాని ఫోనులు కూడ తడియునని మరువరాదు.

ఇక అందరును మెల్లగా చెవులలో చెప్పుకొను సంగతిని నేను బిగ్గరగా చెప్పెదను. అది భూమి. మాజీ సైనికులకు రెండున్నర ఎకరముల మాగాణి గాని, ఐదు ఎకరముల మెట్ట గాని ప్రభుత్వ భూమి ఇచ్చు నియమము మన రాష్ట్రములలో చిరకాలముగా నున్నది. దానిని చూపి ఏజెన్సీలో భూమి ఇప్పించుమని గిరిజనేతర సోదరులు కొందరు సంఘములను కోరుచున్నారు. వారు దేశమునకు చేసిన సేవను ఎవరును కాదనలేరు. అయినను 1959లో వచ్చి 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతములకును వర్తించి, 1970లో మరింత గట్టిపడిన భూమి బదలాయింపు నిబంధనను మీరెరుగుదురు. మనవారు దానిని వన్ ఆఫ్ సెవెంటీ యందురు. షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు భూమి చేతులు మారరాదని దాని సారము. ప్రభుత్వము కూడ అట్లు ఈయరాదని 1997లో సమత కేసులో సుప్రీం కోర్టు తేల్చినది.

ఇట్లుండగా సంఘము పేరున అట్టి దరఖాస్తు పెట్టించుట ఇద్దరు సిపాయిలను ఒకరిపై నొకరిని ఉసికొల్పుటయే. ఒకే కందకములో ఒకే రొట్టె పంచుకొన్న కోయ సిపాయియు, రెడ్డి సిపాయియు ఊరికి వచ్చి ఒక చెలక కొరకు కోర్టుకెక్కుట నాకు సమ్మతము కాదు. గిరిజన సైనికునకు ఇచ్చట హక్కు కలదు. అతని దరఖాస్తును అన్ని సంఘములును బలపరుపవలెను. 2006 అటవీ హక్కుల చట్టము క్రింద పోడు భూమికి పట్టా వచ్చునప్పుడు భార్యాభర్తలిద్దరి పేరున రావలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. భర్త సరిహద్దులో నున్నాడని భార్య పేరు విడిచిపెట్టరాదు. గ్రామసభలో ఆ మాట అడుగుటకు ఒకరు లేవవలెను. గిరిజనేతర సోదరుడు మధిర, వైరా వంటి మైదాన మండలములలో అడుగవలెను. అచ్చట మిగులు భూమి దొరకుట కష్టమని నేనెరుగుదును. దొరకనిచో కేంద్ర ప్రభుత్వ గ్రూపు సి ఉద్యోగములలో నూటికి పది మాజీ సైనికులకు ప్రత్యేకించినవి కలవు. కొత్తగూడెము, పాల్వంచ, సారపాక, అశ్వాపురము వంటి పరిశ్రమల కేంద్రములలో కాపలా కొలువులు వెదకవచ్చును. ఆ ఖాళీల వార్త పట్టణ సంఘమునకు ముందు తెలియును. దానిని పల్లె సంఘమునకు ఆ వారములోనే చేరవేయుట న్యాయము. తమవారికి పంచిన తరువాత మిగిలినది పంపుట న్యాయము కాదు.

చిట్టా ఎట్లుండవలెనో రెండు మాటలలో చెప్పెదను. గ్రామమునకొక పుట. సైనికుని నంబరు, దళము, పింఛను ఉన్నదా లేదా, భార్య పేరు నాలుగు కాగితములలో నాలుగు విధములుగా నున్నచో ఆ నాలుగును, పిల్లల చదువు. ఇప్పుడు ఏ రాష్ట్రము, ఏ జిల్లా కార్యాలయము క్రిందికి వచ్చునో ఎఱ్ఱ సిరాతో. బ్యాంకు రహస్య సంఖ్యలు, ఫోనునకు వచ్చు అంకెలు మాత్రము వ్రాయరాదు, అడుగరాదు, ఎవరడిగినను చెప్పరాదు. పింఛను పెంచెదమని ఫోను చేయు మోసగాండ్రు అడవి వరకు వచ్చినారు. చిట్టాను ఒక్కరి యింట తాళము వేసి ఉంచరాదు. ఈ గట్టున ఒకరు, ఆ గట్టున ఒకరు దానికి బాధ్యులు. ఏటికి రెండు మారులు, వానలకు ముందు ఒక మారు, పతాక దినమునకు ముందు ఒక మారు, సరిచూచుకొనవలెను. పనికి రుసుము తీసికొనరాదు. బస్సు చార్జీ మాత్రము సంఘము భరించుట మంచిది.

తపాలా బంట్రోతులను ఈ పనిలో కలుపుకొనుడని కూడ కోరుచున్నాను. ఏ ఇంటికి అలహాబాదు నుండి, నేటి ప్రయాగరాజు నుండి, పింఛను ఉత్తరము వచ్చునో, ఏ ఇంటికి రాక నిలిచిపోయినదో వారికి తెలిసినట్లు మనకెవరికిని తెలియదు.

ఇంతటితో నేను చెప్పవలసినది ముగిసినది. ప్రక్క గదిలో బల్ల వేసినారు, ఇద్దరు యువకులు వ్రాయుటకు సిద్ధముగా నున్నారు. డిశ్చార్జి పుస్తకములు వెంట తెచ్చినవారు ముందుగా రావలెను. నది దాటి పోవలసినవారిని, ఆఖరి బస్సు అందుకొనవలసినవారిని మొదట పంపుడు. తల్లులు వరుసలో నిలువనక్కరలేదు. వారున్న చోటికే పుస్తకము వచ్చును.